మంగళం పాడని ఆట

మా కాలేజీలో మొగిలమ్మను అందరూ ఆయా అంటారు. గదులు ఊడుస్తుంది, ల్యాబులో గాజు సామాను కడుగుతుంది, స్టాఫ్ రూముకు చాయ్ తెస్తుంది. జీతం వాటికే. ఆమె అసలు పని మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. యాన్యువల్ డేకి పిల్లలు ఆడే పాటల నాటకంలో తెర వెనక కూర్చుని వంత పాడేది ఆమే. వేషం కట్టినవాళ్లు పాడిన చివరి ముక్కను అందుకుని తిరిగి పాడటమే వంత. అది లేకపోతే మా నాటకాలు చప్పగా ఉంటాయి.

నేను కెమిస్ట్రీ చెబుతాను, నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి నేను ఈ సంగతి చెప్పాల్సి రావడం నాకే చికాకుగా ఉంది. అయినా కళ్లారా చూసింది లేదనడానికి నోరు రావడం లేదు.

హసన్‌పర్తి అవతల మొగిలమ్మ పుట్టిన ఊళ్లో ఒకప్పుడు బాగోతం మేళం ఉండేది. నాట్లు, కలుపులు అయ్యాక కూలి జనమే ఆడుకునేవారు. తల్లి పక్కన కూర్చుని మొగిలమ్మ వంత నేర్చుకుంది. పెళ్లయ్యాక భర్త గట్టయ్య మార్కెట్‌లో హమాలీ పని చేసి, తాగుడుకు అలవాటు పడి, తొందరగానే పోయాడు. మిగిలింది ఒక్క కూతురు, రమ. ఇంటర్ చదువుతుండగా డెంగీ వచ్చి ఆ పిల్లా పోయింది. అప్పటినుంచి మొగిలమ్మ మనుషులతో మాట తగ్గించేసింది. పాటలో మాత్రం ఆమె గొంతు వింటే నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరించేది.

ఈసారి ఆట, నేతపనివాళ్లుండే కాశిబుగ్గ నుంచి వచ్చే పిల్లలు తెచ్చిన కథతో మేమే కట్టుకున్నాం. రాజు అంతులేని చీర నెయ్యమంటాడు. సాలె పిల్ల నీలవ్వ నేస్తూ నేస్తూ ఆ బట్టలోకే నడిచి మాయమవుతుంది. ఆమె తల్లి స్టేజీ మీదికి రాదు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. "అవ్వా, పోగు తెగింది" అని నీలవ్వ పాడితే, తెర వెనకనుంచి మొగిలమ్మ "ముడేసుకో బిడ్డా" అనాలి.

నీలవ్వ వేషం దివ్యది. బీయస్సీ సెకండియర్, మడికొండ నుంచి బస్సులో వచ్చేది. తల్లి రత్నమ్మ చర్చిలో పాటలు పాడుతుంది. ఆ గొంతే కూతురికీ వచ్చింది.

యాన్యువల్ డే నాడు ఆట చివరికొచ్చేసరికి గాలివాన కొట్టింది. కరెంటు పోయింది. జనం బస్సులకేసి పరుగెత్తారు. పిల్లలు నల్లా దగ్గర ముఖాలు కడుక్కోబోతుంటే మొగిలమ్మ అడ్డం నిలబడింది.

"రంగు కడగకుండ్రి బిడ్డా. ఇంక మంగళం పాడలే. పాటతోని పిలిసినోళ్లను పాటతోనే సాగదోలాలె."

"వానల ఏం మంగళం మొగిలమ్మా, బస్సులు పోతాన్నయ్" అన్నారు ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ గారు. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి వారం నా ల్యాబులో దివ్య బ్యూరెట్ ముందు నిలబడి ఉంది. ఉన్నట్టుండి ఆమె చేతులు అటూ ఇటూ ఆడటం మొదలెట్టాయి, మగ్గంలో నాడె విసిరినట్టు. "అవ్వా, పోగు తెగింది" అంది మెల్లగా. వరండా ఊడుస్తున్న మొగిలమ్మ చీపురు ఆపకుండానే "ముడేసుకో బిడ్డా" అంది, అలవాటు కొద్దీ. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. దివ్య నవ్వలేదు. ఆ జవాబు కోసమే ఎదురుచూసినట్టు తలూపి, మళ్లీ పనిలో పడింది.

ఆ తర్వాత హాజరు పిలిస్తే పలకడం మానేసింది. మధ్యాహ్నాలు స్నేహితుల్ని వదిలేసి, చీపుర్లు పెట్టే గదిలో మొగిలమ్మ పక్కన కూర్చునేది. ఆమె డబ్బాలోని అన్నమే తినేది. జడ వేయించుకునేది. చున్నీ అంచు దారాలు లాగి చిన్న చిన్న ముడులు వేసేది. ఆ ముడులు చూసి కాశిబుగ్గ పిల్లవాడు ఉదయ్ నా దగ్గరికొచ్చాడు. "సార్, ఇది మా నాయిన ఏసే ముడి. నాకే సక్కగ రాదు. ఈమెకు ఎవ్వలు నేర్పిన్రు?" అన్నాడు. ఎవరో చూపించి ఉంటారులే అని కసిరి పంపాను.

ఒకరోజు రత్నమ్మ కాలేజీకి వచ్చింది. ఇంట్లోని దుప్పటి ఒకటి సంచిలోంచి తీసి నా బల్లమీద పరిచింది. నాలుగు అంచులా దారాలు లాగి, ముడులు.

"దవాఖానకు తీస్కపోయినం సార్. నిద్ర సాల్తలేదన్నరు. చర్చిల ప్రార్థన చేయించినం. నా బిడ్డ నన్ను చూసి, ఎవరమ్మా మీరు అంటాంది" అంది. ఆ మాట చెబుతూ ఆమె ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

నేను మొగిలమ్మ దగ్గరికి వెళ్లాను. "ఆ మంగళమేదో పాడెయ్, పిల్ల భ్రమ వదిలిపోతుంది" అన్నాను. గొంతు బాగాలేదంది. ఇంకో రోజు అడిగితే అమావాస్య పోనియ్యమంది. మరోసారి విననట్టే చాయ్ కప్పులు కడగసాగింది. నాకు కోపం తన్నుకొచ్చింది.

"ఒకరి పిల్ల పిచ్చిదైపోతుంటే నీకు చీమ కుట్టినట్టు కూడా లేదా?"

ఆమె చేతులు తుడుచుకుని నావైపు తిరిగింది. చెవి కింద ఉన్న పాత మచ్చ చూపించింది.

"మా ఆయన తాగచ్చి కొట్టిన దెబ్బ సార్. ఆ రాత్రి పసుపు పెట్టింది మా రమ. ఆ సంగతి దానికీ నాకే ఎరుక. నిన్న దివ్య జడ ఏయించుకుంటనే, ఈడ చెయ్యి పెట్టి, ఇంకా నొప్పి లేస్తాందా అవ్వా అన్నది." కొంగుతో ఆ మచ్చ కప్పుకుంది. "ఏసం కట్టుడంటే తలుపు తెరుసుడే. మంగళం పాడితెనే అది మూసుకుంటది. తెరిసున్న తలుపుల, ఆ నీలవ్వ ఏసంల, నా బిడ్డ అచ్చింది. నేను మూస్తనా?"

ఆ మాట నేను నమ్మలేదు. కానీ ఆ గదిలో ఇంకాసేపు నిలబడే ధైర్యమూ లేకపోయింది.

ఇది రత్నమ్మకు నేనే చెప్పాను. పోట్లాడుతుందనుకున్నాను. ఆమె నేరుగా చీపుర్ల గదికి వెళ్లి మొగిలమ్మ పక్కన నేలమీద కూర్చుంది. ఆవలి పక్క దివ్య తల వంచుకుని ముడులు వేసుకుంటోంది, కన్నతల్లిని కన్నెత్తి చూడలేదు.

"అక్కా, మీ బిడ్డకు ఏం కూరిష్టం?" అంది రత్నమ్మ.

మొగిలమ్మ తడబడింది. "చింతచిగురు."

"అట్లనా. మా దివ్య ముట్టనే ముట్టది. ఇప్పుడు రోజూ అదే అడుగుతాంది, వండి పెడ్తాన్న. మీ బిడ్డకు నేను పెడ్తాన్న అక్కా, మీకు ఫికర్ లేదు." ఆమె మొగిలమ్మ మోకాలు పట్టుకుంది. "మరి నా బిడ్డ ఏడున్నది? ఏ చీకట్ల తిరుగుతాంది? దానికెవరు పెడ్తాండ్లు?"

మొగిలమ్మ దివ్య వేళ్లలోంచి చున్నీ అంచు మెల్లగా విడిపించింది. తర్వాత గడపలో నిలబడ్డ నన్ను చూసి, "పిల్లలను పిలువుండ్రి సార్. రంగులు తెమ్మనుండ్రి" అంది.

ఆదివారం పట్టపగలు, ఖాళీ ఆడిటోరియంలో వేషాలన్నీ మళ్లీ కట్టించాం. కుర్చీల్లో రత్నమ్మ ఒక్కతే కూర్చుని లోలోపల ప్రార్థన చేసుకుంటోంది. నేను శ్రుతి పట్టాను. మొగిలమ్మ తెర వెనక కూర్చుని మంగళం ఎత్తుకుంది. ఏ పాత్ర పేరు పాటలో వస్తే ఆ వేషం ముందుకొచ్చి, దండం పెట్టి, బొట్టు తుడుచుకుని దిగిపోవాలి. రాజు దిగాడు. మంత్రి దిగాడు. నీలవ్వ పేరు వచ్చింది.

దివ్య కదల్లేదు.

"అవ్వా, పోగు తెగింది."

నేను ఆ పిల్ల గొంతుకు నెలల తరబడి హార్మోనియం వాయించినవాణ్ని. అది దివ్య గొంతు కాదు. సన్నగా, జ్వరం తగిలినట్టు ఉంది. నా వేళ్లు మెట్లమీదే బిగుసుకుపోయాయి.

తెర వెనక మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. నా చోటునుంచి ఆమె కనిపిస్తోంది.

"అవ్వా, పోగు తెగింది. పలుకవేందే?"

ఎప్పటి జవాబే ఇస్తే కూతురు ఉండిపోతుంది. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, కుర్చీలోంచి లేచి నిలబడ్డ రత్నమ్మకూ తెలుసు. మొగిలమ్మ కొంగు తీసింది.

"తెగనియ్ బిడ్డా" అని పాడింది. "తెగనియ్, నా తల్లీ. పొయ్యిరా."

ఆ తర్వాత మంగళం చివరి చరణం ఒక్క అపశ్రుతీ లేకుండా పూర్తి చేసింది. దివ్య చేయి ఎత్తి బొట్టు తుడుచుకుంది. కళ్లు చికిలించి కుర్చీలవైపు చూసి, "మమ్మీ, నువ్వెప్పుడొచ్చినవ్?" అంది. రత్నమ్మ పరుగున వచ్చి కూతుర్ని గుండెకు హత్తుకుంది. నేను తలుపు దగ్గరికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. సిగ్గేమీ లేదు.

పోయేముందు దివ్య తెర పక్కకు తీసి లోపలికి తొంగి చూసింది.

"ఏమైంది ఆంటీ, ఏడుస్తాన్రు?" అంది, రిహార్సల్స్‌లో పిలిచినట్టే.

ఆ పిలుపుకు మొగిలమ్మ ముఖం ఒక్కసారి చిన్నబోయింది. తర్వాత నవ్వడానికి ప్రయత్నించింది.

"ఏం లేదమ్మా. మీ అమ్మ నిలబడ్డది, పో."