వాన కురిపించలేదని రాసిచ్చిన చైర్మన్

మా దర్జీ కొట్లో రెండు మిషన్లుండేవి. ఒకటి నాది, ఒకటి ఆయనది. వాటిని ఎదురెదురుగా వేసుకుని చాలా ఏళ్లు కుట్టాం. అందులో కొన్నేళ్లు ఆయన మా ఊరి మునిసిపాలిటీకి చైర్మన్‌గా కూడా ఉన్నాడు. ఎర్రజెండా మనిషి, అందులోనూ దర్జీ, ఆ కుర్చీ ఎక్కడం అనంతపురం వైపు మామూలు సంగతి కాదు. ఎట్లా ఎక్కాడో, ఎట్లా దిగాడో ఎదురు మిషను మీంచి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ఆయనది బెళుగుప్ప పక్క ఒక పల్లె. మెట్ట సేద్యం. వరుసగా రెండేళ్లు వేసిన విత్తనం కూడా తిరిగి రాకపోయేసరికి, యాభైల మొదట్లో టౌనుకొచ్చి మా నాయన దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. మాది దర్జీ సాయిబుల ఇల్లు. నాయన ఆయనకు కాజాలు కుట్టడం నేర్పితే, ఆయన నాయనకు పేపరు చదివి వినిపించేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను భాయ్ అనేవాడు.

కోపంలో ఉంటే ఆయన కుట్టు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చేది. మునిసిపాలిటీ మీద కోపం వచ్చిన రోజు సాయంత్రానికి ఐదారు చొక్కాలు తయారయ్యేవి. పండగల ముందు పని ఎక్కువైతే నాయనే మెల్లగా కదిలించేవాడు.

"ఏమప్పా, కొళాయికి నీళ్లొచ్చినాయా పొద్దున?"

"యాడొచ్చినాయి? గాలొచ్చింది," అని ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. ఇక ఆపేది లేదు.

ఆ కొళాయి గురించే మొదట ఆయన పేరు ఊళ్లో పాకింది. అర్జీ పట్టుకుని మునిసిపల్ ఆఫీసు చుట్టూ పది రోజులు తిరిగాడు. పదకొండో రోజు వీధిలో ఆడవాళ్లందరినీ ఖాళీ బిందెలతో తీసుకుపోయి ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టాడు. మా ఇంటామె కూడా పోయింది. మధ్యాహ్నానికి ఆఫీసులో తాగడానికి పెట్టుకున్న కుండలో నీళ్లు కూడా వాళ్లే తాగేశారు. మర్నాడు కొళాయికి నీళ్లొచ్చాయి. తర్వాత వచ్చిన ఎన్నికల్లో మా వార్డు ఆయన్ను కౌన్సిలరును చేసింది.

చైర్మన్ పదవి మాత్రం ఆయన కోరుకున్నది కాదు. కౌన్సిల్లో రెండు వర్గాలుండేవి. ఒకటి నూనె మిల్లు యజమానిది, రెండోది బట్టల షావుకారుది. ఇద్దరికీ మాటల్లేవు. కౌన్సిలర్లు చైర్మన్‌ను ఎన్నుకునే రోజు పొద్దున మిల్లు యజమాని తన వాళ్లతో, "ఆ షావుకారు తప్ప ఎవరైనా సరే, ఆ దర్జీ అయినా సరే" అన్నాడట. అవతల షావుకారు కూడా మిల్లు యజమాని గురించి అదే మాట అన్నాడట. ఒకరికొకరు చెప్పుకోకుండానే రెండు వర్గాలూ ఆయనకు ఓటేశాయి. ఆయన మాత్రం మొహమాటపడి తన ఓటు ఇంకొకరికి వేసి వచ్చాడు.

మొదటి రోజు ఆయన పొద్దున్నే కొట్లో ఒక పైజామా పూర్తి చేసి, అటునుంచి అటే ఆఫీసుకు నడిచి వెళ్లాడు. మెళ్లో టేపు వేలాడుతూనే ఉంది. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. గుమ్మం దగ్గర దఫేదారు దాన్ని చూసి ఎర్రజెండావాళ్ల పతకమేదో అనుకుని సలాం చేశాడు. కౌన్సిలర్లూ అలాగే అనుకున్నారు. సమావేశం మధ్యలో ఆయనకు చెయ్యి తగిలి తెలిసిందట. అప్పుడు తీస్తే నవ్వుతారని సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాడు.

ఆయనకు ఇంకో చిక్కు ఉండేది. వీధులు ఊడ్చేవాళ్ల సంఘానికి అధ్యక్షుడు ఆయనే. చీపుర్లు కావాలి, చెప్పులు కావాలి అని సంఘం తరఫున సంతకం పెట్టి చైర్మన్‌కు అర్జీ పంపాడు. చైర్మన్‌గా దాన్ని అందుకుని, కమిషనరు రాసుకొచ్చిన జవాబు మీద చదవకుండా సంతకం పెట్టాడు. వారం తర్వాత ఆ జవాబు సంఘానికి చేరింది. కొట్లో కూర్చుని దాన్ని చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పరిశీలిస్తాడంట. ఏం పరిశీలిస్తాడప్పా వీడు? కాళ్లకు చెప్పుల్లేవంటే పరిశీలించేదేముండాది?"

"కింద సంతకం ఎవరిదో చూడన్నా," అన్నాను.

చూశాడు. తర్వాత లేచి ఆఫీసుకు పోయి, చెప్పులు, చీపుర్లు ఆ సాయంత్రమే ఇప్పించాడు. అప్పట్నుంచి చదవని కాగితం మీద సంతకం పెట్టలేదు. దాంతో ఆఫీసులో పని సగానికి సగం నెమ్మదించిందని కమిషనరు వచ్చినవాళ్లందరితో చెప్పుకునేవాడు.

అరవైల్లో గట్టి కరువొచ్చింది. ఊరి చెరువు అడుగు పెంకుల్లా పగిలిపోయింది. కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్లు. బోరింగు మిషను పంపమని ఆయన హైదరాబాదుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. చివరికి కరువు చూడ్డానికి అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన సంతోషానికి అంతు లేదు. ట్రావెలర్స్ బంగళా నుంచి చెరువు దాకా దారికి రెండు వైపులా ఖాళీ బిందెలు పెట్టించాడు. బక్కచిక్కిన ఎద్దుల్ని చెరువులో నిలబెట్టించాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. చూపించడానికి మాకు కరువుకేం కరువు?

ఆ రోజు పొద్దున ఉత్తరాన ఒక మబ్బు కనిపించింది. ఆయన బిందెల పక్కన నిలబడి, సమ్మె రోజున పనిలోకి పోయేవాణ్ణి చూసినట్టు దాన్ని చూశాడు.

"పోతాదిలే భాయ్. ఇట్లాంటివి ఎన్ని చూల్లేదు మనం."

పోలేదు. సరిగ్గా జీపు బంగళా దాటేసరికి చినుకు మొదలైంది. చెరువు చేరేసరికి కుండపోత. దారి పొడవునా పెట్టిన బిందెలు నిండి పొర్లుతున్నాయి. ఆడవాళ్లు వాటిని ఎత్తుకుని ఇళ్లకు పరిగెత్తుతున్నారు. జీపు చెరువు మధ్యలో బురదలో దిగబడింది. పెద్ద అధికారిది కోస్తా వైపు. మోకాళ్ల దాకా బురదతో దిగి, గొడుగు కింద నిలబడి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఏమండీ చైర్మన్ గారూ, కరువు ఎక్కడుందండీ?"

"నిన్నటిదాకా ఈడనే ఉండె సార్," అన్నాడు ఆయన.

కరువు చూపిద్దామని తెచ్చిన ఎద్దుల్నే కట్టి జీపును బయటికి లాగించాం. వాళ్లు వెళ్లిపోయాక ఆయన ఆ వానలోనే చెరువులో నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయాను.

"నోటి కాడికొచ్చిన బోరింగు పోయింది భాయ్," అన్నాడు. తల పైకెత్తి, "మా చేను కూడా తడిసింటాది," అన్నాడు. ఆ మొహం ఏడుస్తోందో నవ్వుతోందో వానలో నాకు తెలియలేదు.

అసలు తంటా మర్నాడు మొదలైంది. ఒక ముసలమ్మ కొట్టుకొచ్చి, ఎవరూ ఆపేలోపు ఆయన మిషను ముందు టెంకాయ కొట్టింది. అన్ని పూజలకూ పడని వాన ఈయన బిందెలు పెట్టిస్తే పడిందని ఊరంతా అనుకుంటోందట. ఆయన జీవితంలో గుడి మెట్లెక్కినవాడు కాదు. టెంకాయ నీళ్లు ఒక షేర్వాణీ గుడ్డ మీద పడి మరకైంది. అవమానమంతా ఆ మరకదే అన్నట్టు పగలంతా దాన్ని రుద్దుతూనే కూర్చున్నాడు.

వారం తిరక్కుండా ముదిగుబ్బ వైపు నుంచి నలుగురు రైతులొచ్చారు. వాళ్లకు ఇంకా చినుకు లేదు.

"ఊరికే వచ్చి కూచో అన్నా. నాలుగు బిందెలు పెట్టిస్తాం. నువ్వు ఆ జెండా అరుపులేవో అర్చు, చాలు."

"నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాదప్పా. నాతో ఏమైతాది?"

వాళ్లలో పెద్దాయన నిదానంగా చెప్పాడు. "నమ్మేవాళ్లందర్నీ పిలిచి చూసినాం. వాళ్లతో కాలేదు. నమ్మనోన్ని కూడా ఒకసారి చూస్తామని వచ్చినాం."

సరే, వాన ఎట్లా పడుతుందో శాస్త్ర ప్రకారం చెప్పి వస్తానని బయల్దేరాడు. నన్నూ తోడు తీసుకుపోయాడు. అక్కడ తడిగుడ్డ ఒకటి ఎండలో ఆరేసి, నీళ్లు ఆవిరై పైకి ఎట్లా పోతాయో గంటసేపు చెప్పాడు. జనం చేతులు కట్టుకుని, మధ్యమధ్యలో ఆకాశం చూస్తూ విన్నారు. గుడ్డ ఆరింది కానీ వాన రాలేదు. వాళ్లు మర్యాదగానే బస్సెక్కించారు. బస్సు పక్క పల్లె దగ్గర టైరు పంక్చరై ఆగింది. మేం దిగి చింతచెట్టు కింద నిలబడ్డామో లేదో, ఆ పల్లె మీద మాత్రం దడదడా వాన కొట్టింది.

మూడో రోజు ఆ రైతులే మళ్లీ కొట్టుకొచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"పిలిచింది మేము, బువ్వ పెట్టింది మేము. వాన వాళ్లకిస్తివే, ఇదేం న్యాయమప్పా?"

ఈ గోల పార్టీ దాకా పోయింది. జిల్లా కార్యదర్శి స్వయంగా వచ్చాడు. పెద్దమనిషి, నవ్వడం ఎరగడు. నా మిషను పక్క బల్ల మీద కూర్చుని కాగితం తీశాడు.

"కామ్రేడ్, నువ్వు వాన కురిపిస్తాండావని జనం అనుకుంటాండారు. ఇది మూఢనమ్మకం. దీనికి నీ సంజాయిషీ ఏంది?"

"నేను కురిపించలేదన్నా."

"అయితే రాసియ్యి."

ఆయన రాశాడు. కార్యదర్శి చదివి, "ఇకమీద కూడా కురిపించనని రాయి," అన్నాడు.

"అట్ల రాస్తే రైతులు నన్ను బతకనీరన్నా."

ఇద్దరూ చాలాసేపు వాదించుకుని, "వానకు నాకు ఏ సంబంధమూ లేదు, ఉండబోదు" అన్న మాట దగ్గర రాజీ పడ్డారు. కార్యదర్శి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా పోయి, వెనక్కొచ్చి, నేను గుండీలు కుట్టడంలో మునిగిపోయాననుకుని గొంతు తగ్గించాడు.

"శింగనమల పక్క మాకు రెండెకరాలుండాది. ఆడ ఒక మీటింగు పెడితే వస్తావా? ఊరికే, మీటింగుకే."

ఆ మీటింగుకు ఆయన పోలేదు. దాని వల్ల వాళ్లిద్దరికీ కొన్నాళ్లు మాటల్లేవు.

బోరింగు మిషను మరుసటేడు వచ్చింది. ఆ కోస్తా అధికారి తన నివేదికలో, ఒక్క వానకు ఊరంతా రోడ్డు మీదికొచ్చి బిందెలు పట్టుకుందంటే ఇక్కడి కరువు ఎంతటిదో ఊహించుకోవచ్చని రాశాడట. కమిషనరు ఆ మాట చదివి వినిపిస్తే ఆయన రెండోసారి చదివించుకున్నాడు. మూడు వీధుల్లో బోర్లు వేయించాడు. అవి చాలాకాలం పనిచేశాయి.

ఆయన కుర్చీ పోవడానికి కారణం వానా కాదు, పార్టీ కాదు. నూనె మిల్లు యజమాని కొడుక్కీ బట్టల షావుకారు కూతురికీ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కోటు మా కొట్టుకే వచ్చింది. నేను కత్తెర పక్కన పెట్టి అడిగాను.

"వాళ్లు వియ్యంకులైతే వచ్చే ఎన్నికల్లో నీకు ఓటెవరేస్తారన్నా?"

"తెల్సు లే భాయ్. ముందు ఆ భుజం కొలత చెప్పు."

కోటు ఆయనే కుట్టాడు. ఎక్కడా ఒక్క ముడత లేదు. పెళ్లికి ఇద్దరం పోయి బూందీ తిని వచ్చాం. ఎన్నికల్లో మా వార్డు మళ్లీ ఆయన్నే కౌన్సిలరుగా పంపింది. కుర్చీలో మాత్రం వియ్యంకుల్లో పెద్దాయన కూర్చున్నాడు.

కొత్త కౌన్సిల్ మొదటి సమావేశానికి నేను కూడా పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన దిగులుగా ఉంటాడనుకున్నాను. చైర్మన్ స్వాగతం చెప్పి కూర్చోగానే ఆయన లేచి, మురికి కాలవల గురించి మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా ఆపలేదు. బల్ల గుద్దాడు, రెండుసార్లు బయటికి నడిచి రెండుసార్లు తిరిగొచ్చాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఈల వేస్తూ నడిచాడు. మా ఇంట్లో రెండు సంగటి ముద్దలు తిని, మూడోది అడిగి, చెయ్యి కడుక్కోకుండానే గోడకానుకుని నిద్రపోయాడు.