హాలు గోడ మీద మచ్చ

తెల్లగోడ అంటే నాకిప్పుడు భయం. పెళ్లికి పిలిచినా, పరామర్శకు వెళ్లినా గోడకు వీపు ఆనించి కూర్చుంటాను. మీసాలు రాని రోజుల నుంచీ గోడల వంక చూస్తూనే బతికినవాణ్ణి, ఇప్పుడు వాటికి మొహం చాటేస్తున్నాను.

మాది మణుగూరు. నాన్న సున్నాలు వేసేవాడు, నేను రంగులు వేస్తాను. వేసేవాణ్ణి అనాలి. అలా అనడం ఇంకా అలవాటు కాలేదు.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఆ సంగతి చెబితే ఎవరికీ ఎక్కదు. ముహూర్తం పెట్టుకుని "జల్దీ కానియ్ భాయ్" అంటూ మన మీద పడతారు. వాళ్ల మాట విని వేస్తే కొన్నాళ్లకే ఉప్పు పొంగి, పొక్కులు లేచి, గోడంతా మచ్చలు. తిట్లు తినేది పెయింటరే. ఈ విషయంలో ఇంటివాళ్లతో నేను పడ్డ గొడవలు ఇన్నీ అన్నీ కావు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. అయినా నన్నే పిలిచేవారు. ఎందుకంటే నేను రంగు వేసిన గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క తీరుగా ఉండేది. నాకున్న ఆస్తి అదొక్కటే.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక టీచరమ్మ ఇల్లు కట్టుకున్నారు. ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రి నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఆయన గోడ నిలబెడితే నేను రంగు వేయడం, ఇద్దరం ఒకే టిఫిన్ విప్పుకుని తినడం, మా బతుకంతా అలాగే గడిచింది. టీచరమ్మ ఒక్క మాట అన్నారు: "గోడ ఆరిందని మీరు చెప్పినంకనే మొదలు పెట్టుండ్రి భాయ్. నాకేం తొందర లేదు." అలాంటి మాట చెప్పే ఇంటివాళ్ల కోసం నేను జీవితమంతా ఎదురుచూశాను.

వానలు పూర్తిగా వెనకబట్టాకే పని మొదలుపెట్టాను. గరుకు పోయేలా లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేశాను. చుట్టూ చెట్లు, ఇంట్లో వెలుతురు తక్కువ, అందుకని హాలుకు తెలుపే కావాలన్నారు టీచరమ్మ. కిటికీ పక్కనుండే పెద్ద గోడను మనసు పెట్టి చేశాను. అంత బాగా నేనెప్పుడూ చేయలేదు, ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు.

రెండో కోటు ఆరాక చూస్తే నడిమధ్యలో మచ్చ. పొగ పట్టినట్టు, పలచగా, గోధుమ రంగులో ఉంది. వైరుకు బల్బు కట్టి గోడ పక్కగా పట్టుకుని చూశాను. గోడలో ఎత్తుపల్లాలుంటే ఆ వెలుగులో దాక్కోలేవు. ఎత్తుపల్లాలు ఏమీ లేవు కానీ మచ్చ మాత్రం ఉంది.

మరునాడు గోడంతా ఇంకో కోటు వేశాను. ఆరింది. మచ్చ మళ్లీ వచ్చింది. నిన్నటి కంటే కాస్త కిందికి దిగినట్టనిపించింది. తడి కిందికి దిగుతోందనుకున్నాను. మేస్త్రికి ఫోన్ చేసి పిలిపించాను.

ఆయన వచ్చి గోడకు చెయ్యానించి, వేలితో తట్టి, దగ్గరగా వంగి చూశాడు. "ఏంది భాయ్, ఏడుంది మచ్చ?" అన్నాడు.

"ఏడుందా? నీ కళ్ల ముంగటే ఉంది. సిమెంటుల ఉప్పు ఇసుక కలిపి మాలు చేసినవ్, ఇప్పుడేమో ఏమెరగనట్టు అడుగుతున్నవా?" అన్నాను.

"గట్ల మాట్లాడకు భాయ్. నాకైతే ఏం కనపడ్తలేదు."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన బండెక్కి వెళ్లిపోయాడు. టీచరమ్మ వచ్చి, "భాయ్, నాకూ ఏం కనపడ్తలేదు. మంచిగనే ఉంది కదా" అన్నారు. "మీకు తెల్వదులే టీచరమ్మా" అన్నాను. పనిలో ఎవరైనా వేలు పెడితే నేనెప్పుడూ అనే మాటే అది.

ఎవరూ లేనప్పుడు బ్రష్ తీసుకుని ఆ ఒక్కచోటే రంగు అద్దాను. గోడ నడుమ అతుకు పూత పూసేవాడు పెయింటరే కాదని పనివాళ్లను తిట్టింది నేనే. వేస్తే గోడంతా వేయాలి, లేకపోతే ముట్టుకోకూడదు. తెలిసి తెలిసీ అద్దాను. ఆరాక మళ్లీ అద్దాను. మచ్చ పోలేదు. చివరికి కోపం పట్టలేక తడిగుడ్డ తీసుకుని దాన్ని తుడవబోయాను.

మచ్చ నా చేతి మీదికి వచ్చింది.

గుడ్డ మీద ఉంది, వేళ్ల మీద ఉంది. చెయ్యి తీసేస్తే గోడ మీద ఉంది. తల ఎత్తితే సీలింగ్ మీదికి పోయింది. బయటికి పరుగెత్తాను. టేకు చెట్ల ఆకుల్లో కలిసిపోయి కనపడలేదు. పైన ఆకాశం చూస్తే అక్కడుంది. ఇసుక కుప్ప మీద కూలబడ్డాను. ఇన్నాళ్లూ చూసిందంతా తెల్లగోడనే కాబట్టి అది గోడదే అనుకున్నాను. పెయింటర్ కాకపోతే మచ్చ కనపడ్డ మొదటి రోజే దవాఖానాకు పోయేవాణ్ణేమో.

ఖమ్మంలో కంటి డాక్టరు నాకున్న షుగర్ వల్లే అన్నారు. ఒక కంట్లో నెత్తురు దిగిందట. మసకగా ఉంటే అద్దాలు మారిస్తే సరిపోతుందని నేను పట్టించుకోని రెండో కన్ను అప్పటికే పాడైపోయిందట. లేజర్ చేశారు, సూదులు వేశారు. నేను అడిగింది ఒక్కటే: "గోడ మీద రంగు ఒక్క తీరుగ పడిందో లేదో కనపడ్తదా సార్?"

"నడవడానికి, మీ పనులు మీరు చేసుకోవడానికి ఇబ్బంది ఉండకపోవచ్చు" అన్నారాయన. గోడ చూడటమే నా పనని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక లేచి వచ్చాను. బస్సులో నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అంతకుముందు దేనికీ అలా ఏడవలేదు.

టీచరమ్మ గృహప్రవేశానికి పిలిచారు. పోనన్నాను. మేస్త్రి వచ్చి బండి మీద ఎక్కించుకున్నాడు. నేను అన్న మాటల ఊసే ఎత్తలేదు.

హాలంతా జనం. కిటికీలోంచి పొద్దుటి వెలుగు పెద్ద గోడ మీద ఏటవాలుగా పడుతోంది. పక్కన ఎవరో "నడుమ ఒక్క జాగల గట్ల మెరుస్తాందేంది?" అన్నారు. టీచరమ్మ వెంటనే, "గోడ మంచిగనే ఉంది, లోపలికి రాండ్రి, భోజనాలు పెడ్తున్నరు" అని వాళ్లను తీసుకుపోయారు.

నేను అద్దిన ఆ అతుకును చూడాలని దగ్గరికి వెళ్లాను. తల వంచి చూశాను, పక్కకు జరిగి చూశాను. ఎటు చూసినా నడిమధ్యలో నా మచ్చే అడ్డం.

"ఏడుంది మేస్త్రీ?" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని గోడ మీద ఒకచోట పెట్టాడు. రంగు మీద రంగు ఎక్కి దళసరిగా పేరుకున్న అంచు వేళ్లకు తగిలింది. అది ఎంత మేర ఉందో చుట్టూ తడిమి చూసుకున్నాను. చాలా పెద్దగానే ఉంది.