ధర్మవరం గోడ మీద నా మొఖం

పోయిన శుక్రవారం ఏం జరిగిందో వినండప్పా. ధర్మవరంలో ఒక ఇంట్లో నా పటానికి బంతిపూల దండ వేసి, విబూది పెట్టి, సాంబ్రాణి పొగ పట్టినారు. ఇంటిల్లిపాదీ దండం పెట్టుకుని కండ్లు తుడుచుకున్నారు. ఆ టైములో నేనెక్కడ ఉన్నానంటారా? అదే ఇంటి పెరట్లో ఆకు ముందర కూచుని వడ తింటున్నాను. అదీ మూడో వడ. ఇప్పుడే నవ్వద్దండి, నవ్వేది ఇంకా ముందుంది.

నా సంగతి మీకు తెలిసిందే. హిందూపురంలో స్టూడియో పెట్టి పన్నెండేండ్లయింది. నాకు ముక్కు మీదే కోపం, అదీ తెలిసిందే. స్టూడియోకు వచ్చేవాళ్ళంటే నాకు మహా విసుగు. పౌడర్ పూసుకుని, నా కోటే తొడుక్కుని, నా కుర్చీలోనే ఊపిరి బిగబట్టి కూచుంటారు. ఈ ఊళ్ళో సగం మంది పెండ్లికొడుకులు నా కోటులోనే ఉన్నారు. మనిషి స్టూడియోకు వచ్చేటప్పుడు ఒక మొఖం పెట్టుకుని వస్తాడు, వీధిలో ఉన్నప్పుడు దాన్ని మరిచిపోతాడు, అసలు మొఖం అప్పుడే దొరుకుతుంది. ఇది నా సిద్ధాంతం. అందుకే తీరిక దొరికితే చాలు, కెమెరా, స్టాండు భుజాన వేసుకుని రైలెక్కి పెనుకొండకో ధర్మవరానికో పోతాను. వీధుల్లో మొఖాలు పట్టుకొస్తాను. కొనేవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

రెండేండ్ల కింద అట్లనే ధర్మవరం నేతగాళ్ళ వీధిలో ఒక ఫోటో తీసినాను. పొద్దున్నే చీరకు నిలువు పోగులైన పట్టు పడుగును వీధి పొడుగునా సాగదీసి, అటో పదిమంది ఇటో పదిమంది పోగులు సర్దుతున్నారు. ఎండ పక్కనుంచి పడుతోంది. నాది పాత కెమెరా, లెన్స్ మూత తీసి మూడు లెక్కపెట్టి మళ్ళీ మూత పెట్టాల. అంతవరకు కదలకండి నాయనలారా అని బతిమాలుకున్నాను. అందరూ కదలకుండా నిలబడినారు. చౌడప్ప అనే పెద్దమనిషి మాత్రం, సరిగ్గా నేను రెండు అనేసరికి, ఒక మేక పడుగు వైపు వస్తోందని అటు తిరిగి అదిలించినాడు. ఇంకేముంది, ఆయన పంచె, చేతులు, భుజాలు అన్నీ అచ్చు పడినాయి, మొఖం మాత్రం కదిలి పొగ మాదిరి పడింది. మేక భయపడి నిలబడిపోయింది కాబట్టి అది బ్రహ్మాండంగా పడింది. దాని గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

ఆ చౌడప్ప పోయిన ఏడాది కాలం చేసినాడు. ఫోటో తీసుకుంటే ఆయుసు తగ్గుతుందని ఆయనకు భయమంట, బతికినన్నాళ్ళూ తనంతట తాను ఎవరిచేతా తీయించుకోలేదు. ఈ లోకంలో ఆయన ఫోటో అంటూ ఉంటే ఆ మేకతో ఉన్నదొక్కటే. నెల కింద ఆయన కొడుకు రామలింగప్ప నా స్టూడియోకు వచ్చి, సంవత్సరీకానికి పటం కావాల, ఆ ఫోటోలో నాయనను పెద్దది చేసి ఇయ్యమన్నాడు. మొఖమే లేదు కదప్పా, పెద్దది చేస్తే పొగ పెద్దదవుతుంది అన్నాను. ఆ మాట మా అమ్మకు నువ్వే వచ్చి చెప్పు, నా వల్ల కాదు అన్నాడు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. సరే, చెప్పి వచ్చేద్దామని కెమెరా కూడా పట్టుకుని పోయినాను. కెమెరా లేకుండా పోయుంటే ఈ కథే లేదు.

ఆయమ్మ పేరు నారాయణమ్మ. అరవై దగ్గర వయసు. నేను అప్పుడెప్పుడో ఇచ్చిన ఆ వీధి ఫోటోను ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. నేను చెప్పేది అంతా విని, మెల్లగా అన్నది.

"కండ్లు మూసుకుంటే ఆయన చేతులు కనపడతాండాయి నాయనా. పంచె కట్టు కనపడతాది. మొఖం కాడికి వచ్చేసరికి ఏమీ లేదు. నీ ఫోటో చూసీ చూసీ నా తలకాయలో ఉండే మొఖం కూడా ఇట్లనే చెరిగిపోయ. నలభై ఏండ్లు చూసిన మొఖం. దాన్ని యాడ పెట్టుకున్నావో, నువ్వే తెచ్చియ్యి."

మేకను చక్కగా పట్టుకుని, మనిషిని వదిలేసి వచ్చింది నేనే కదా. తప్పు నాదే అనిపించింది. చేతనైంది చేస్తానమ్మా అని మాటిచ్చేసినాను.

మీకు తెలియనిదేముంది, మా వృత్తిలో దీనికొక దారి ఉంది. పోయినవాళ్ళ పోలికలున్న వాళ్ళను కూచోబెట్టి, వాళ్ళ తలపాగా కట్టి, ఫోటో తీసి, నెగటివ్ మీద పెన్సిలుతో ముడతలు గీసి, మీసం నెరిపిస్తే సరిపోతుంది. రామలింగప్పకు నాయన తలపాగా కట్టి కుర్చీలో కూచోబెట్టినాను. పెద్దమ్మా, కెమెరాలోంచి చూడు, సరిపోయిందేమో చెప్పు అన్నాను. కెమెరా మీద కప్పిన నల్లగుడ్డలోకి దూరిన మనిషి వెనకుండే అద్దం మీద బొమ్మ చూసి, గుడ్డతో సహా బయటికి వచ్చింది. మా వాన్ని తలకిందులుగా ఎందుకు వేలాడదీసినావని నా మీద గొడవ. కెమెరాలో బొమ్మ అట్లనే తిరగబడి కనిపిస్తుందమ్మా అంటే వినదు. కొడుకు కాళ్ళు కిందనే ఉన్నాయా లేదా అని తడిమి చూసుకుంది. చూసుకుని, పోలిక కూడా లేదు పో అన్నది. వీడి మొఖం మరీ మెత్తనిదంట.

తరవాత చౌడప్ప తమ్ముని కొడుకును కూచోబెట్టినాము. ముక్కు సరిపోయింది, కండ్లు సరిపోలేదు. పక్కింటాయనవి కండ్లు సరిపోయినాయి, మిగిలిందేదీ సరిపోలేదు. ఎండ దిగిపోతోంది. జర్మనీ వాళ్ళతో యుద్ధం మొదలైనప్పట్నించి ఫోటో పడే గాజు ప్లేట్లు దొరకడమే గగనం, నా దగ్గర ఉన్నవి రెండే. ఇంతలో నారాయణమ్మ, ఈ పెట్టెలో ఏముండాది నాయనా అంటూ ఒక ప్లేటు పెట్టె తెరిచి ఎండలో తిప్పి తిప్పి చూసింది. ప్లేటుకు వెలుతురు తగిలితే అది ఇంక దేనికీ పనికిరాదు. నాకు నషాళానికి అంటింది. పెద్దామె అని కూడా చూడకుండా, దాన్ని ఎవరు ముట్టుకోమన్నారు అని ఇల్లెగిరిపోయేటట్లు అరిచినాను.

అందరూ రెండడుగులు వెనక్కి వేసినారు. నారాయణమ్మ మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది. కండ్లనిండా నీళ్ళు.

"అదో. అదే మొఖం. కదిలించొద్దు నాయనా, అట్లనే పెట్టుకో."

చౌడప్పకూ ముక్కు మీదే కోపమంట. కనుబొమలు రెండూ కలిసి, కింది పెదవి ముందుకొచ్చి, చెవులు కదులుతాయంట. నావీ కదులుతాయని అప్పుడే తెలిసింది. ఇక వాళ్ళు నా మాట వింటారా? చౌడప్ప తలపాగా నా నెత్తికెక్కింది, ఆయన కండువా నా భుజానికి వచ్చింది, విబూది నా నుదుటికి వచ్చింది. నన్ను కుర్చీలో కుదేసి, లెన్స్ మూత రామలింగప్ప చేతికిచ్చినారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. కుర్చీలో కూచునేసరికి నా కోపం ఎగిరిపోయింది. పన్నెండేండ్లుగా అందరినీ కెమెరా ముందర కూచోబెట్టినవాన్ని, నేనెప్పుడూ కూచోలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. పెండ్లికూతురు మాదిరి తల దించుకుని ముసిముసిగా నవ్వుతున్నాను. ఉండేది ఒక్క ప్లేటు. నాకు కోపం తెప్పించాలని ఇంట్లోవాళ్ళంతా నడుం కట్టినారు. రామలింగప్ప చేతులు కట్టుకుని, తప్పుగా అనుకోవద్దన్నా, నీ ఫోటోలు అంత బాగుండవు అన్నాడు. అని మళ్ళీ, ఊరికే అన్నాను అని దండం పెట్టినాడు. పక్కింటాయన నా స్టాండును కాలితో తన్నినట్లు నటించి కాలికి దెబ్బ తగిలించుకున్నాడు. నాకింకా నవ్వొచ్చింది.

అప్పుడు నారాయణమ్మ అందరినీ పక్కకు తోసేసి, నా ఎదురుగా నేల మీద కూచుంది. నా మొఖంలోకి చూస్తూ మొదలుపెట్టింది. ఏం మనిషివి నువ్వు, మా చెల్లెలి పెండ్లికి నన్నెందుకు పంపలేదు అన్నది. మగ్గం మీద చీర మిగిలిందని సాకు చెప్పినావు, ఆ చీర ఆ వారమంతా నువ్వు ముట్టనే లేదు అన్నది. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు కబురొస్తే రెండు దినాలు నా దగ్గర దాచినావు అన్నది. మొదట నేను, పెద్దమ్మా, నేను కాదు అన్నాను. ఆమె వినే మనిషి కాదు. ఒకదాని తరవాత ఒకటి, నలభై ఏండ్లవి. చేయని తప్పులకు అందరి ముందర అన్నేసి మాటలు పడితే ఎవరికి మండదు? నేను పంపనన్నానా, నేనెప్పుడన్నాను అని పండ్లు కొరికినాను. రామలింగప్ప చటుక్కున మూత తీసినాడు. ఒకటి, రెండు, మూడు. ఈసారి ఎవరూ కదలలేదు.

మూత పడినాక నారాయణమ్మ కొంగుతో మొఖం తుడుచుకుని, ఎన్నేండ్లుగానో అడగాలనుకున్నది ఈ పొద్దుకు అడిగేసినాను అన్నది. మనసు తేలికైనట్లుంది. నాకే ఆ పొద్దు సంగటి సయించలేదు.

నెగటివ్ కడిగి చూసుకుంటే నాకే ఒళ్ళు ఝల్లుమంది. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. తీసింది నేను కూడా కాదు, అది మళ్ళీ ఇంకో ఏడుపు. మీసం నెరిపించి, నాలుగు ముడతలు గీసి, పెద్దది చేసి పటం కట్టించి తీసుకుపోయినాను. నారాయణమ్మ దాన్ని చూసి, వచ్చినావా అని పటాన్నే అడిగింది. నా వైపు చూడలేదు. నేను గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకున్నాను.

ఇంట్లో మాత్రం నా భార్య గంగమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. బతికున్న మొగుడు చచ్చినవాని పటానికి కూచున్నాడంటే ఊరుకుంటుందా? అందుకే శుక్రవారం సంవత్సరీకానికి పిలిస్తే, పెనుకొండలో వీధి ఫోటోలు తీసేది ఉందని చెప్పి బయటపడినాను. నేను పోయిన గంటకు మా అత్త వచ్చిందంట. చిన్నకూతురి పెండ్లికి చీరలు కావాల, ధర్మవరం పోదాం పదమని గంగమ్మను రైలెక్కించింది. వీధిలో అడిగితే, చౌడప్ప గారింట్లో మంచి చీరలుంటాయని ఎవరో పుణ్యాత్ముడు చెప్పినాడు.

వాకిలి తెరిచే ఉంది. ఎదురుగా గోడకు నేను. దండతో.

మా అత్త అక్కడే కూలబడి, అల్లుడా అని శోకాలు మొదలుపెట్టింది. గంగమ్మ ఏడవలేదు. పొద్దున నాకు సంగటి పెట్టి పంపించింది ఆమే కదా. పటం వైపు వేలు చూపించి ఎవరు ఈయన అని అడిగింది. నారాయణమ్మ, మా ఆయనే తల్లీ, నలభై ఏండ్లు కాపురం చేసినాను అన్నది. నాకు ముప్పై ఆరేండ్లు. గంగమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉండగా, శోకాలు విని నేను వడతో సహా పెరట్లోంచి వచ్చినాను. మా అత్త నన్ను చూసి ఏడుపు ఆపేసింది. పటాన్ని చూసింది, నన్ను చూసింది, చేతిలో వడను చూసింది. దయ్యాలు వడ తినవు కదా అని పక్కామెను అడిగింది.

జరిగింది చెప్పినాను. గంగమ్మ నేరుగా పటం దగ్గరికి పోయి, దించండి దీన్ని, నా మొగుడు బతికుండంగా దండ వేస్తారా అన్నది. నారాయణమ్మ పటాన్ని రెండు చేతులా పట్టుకుని అడ్డం నిలబడింది. ఇది దించితే ఆయన మొఖం మళ్ళీ పోతాదమ్మా, ఇంకోసారి పోగొట్టుకునే శక్తి నాకు లేదు అన్నది. ఒకామె తాళి పట్టుకుని, ఒకామె పటం పట్టుకుని నిలబడినారు. నడుమ నేను, వడ ఎక్కడ దాచుకోవాలో తెలియక.

గంగమ్మ ఆ ముసలామె చేతులను చూసింది. తరవాత పటాన్ని చాలాసేపు చూసింది. ఆమె కోపం మెల్లగా దిగింది.

"పెద్దమ్మా, దీన్ని నాకంటే బాగా ఎవరూ ఎరగరు. ఉప్పు ఎక్కువైతే ఇదే మొఖం, నీళ్ళు కాగకపోతే ఇదే మొఖం. నువ్వే పెట్టుకో. దండ కూడా వేసుకో." అని నా వైపు తిరిగింది. "నువ్వు ఇన్నావు కదా. ఈ మొఖం చచ్చిపోయినాయనకు ఇచ్చేసినావు. పోయినోళ్ళకు ఇచ్చింది మళ్ళీ మనం వాడుకోగూడదు. ఇంగ ఇది మా ఇంట్లో కనపడితే నాకు అరిష్టం."

సభ ముగిసింది. గంగమ్మ, నారాయణమ్మ ఇద్దరూ కలిసి చీరలు చూసుకున్నారు.

అప్పట్నించి నా బతుకు చూడండి. నీళ్ళు చల్లగా పోస్తుంది, నవ్వాల. సంగటి మాడుతుంది, నవ్వాల. నా కనుబొమలు కాస్త దగ్గరికి వస్తే చాలు, తాళి కండ్లకద్దుకుని, అది ఎవరి మొఖం అని అడుగుతుంది. వెంటనే విప్పేస్తాను. అక్కడ నారాయణమ్మ దినామూ పొద్దున పటం ముందర కూచుని, మిగిలిపోయిన తిట్లన్నీ తిట్టి, దీపం పెట్టి, హాయిగా ఉందంట.

నిన్న మరీ ఉండబట్టలేక, పెనుకొండలో పనుందని చెప్పి ధర్మవరం పోయినాను. నా కోపం ముందర నిలబడి కాసేపన్నా కోప్పడి వద్దామని. పటాన్ని చూసినాను, పక్కనున్న అద్దంలో నన్ను చూసుకుంటూ కనుబొమలు కలిపి చూసినాను. నారాయణమ్మ ఇద్దరినీ చూసి, నీకు చేతగాదులే నాయనా, ఆయన మాదిరి ఎవరికి వస్తాది అన్నది.