మునిరామయ్య డేలియా మడి

మునిరామయ్యకు పక్షవాతం వచ్చిన ఏడాది డేలియా గడ్డలు నాటే పని శకుంతలమ్మ నెత్తిన పడింది. నెత్తిన పడిందనే ఆమె అనుకుంది కూడా.

పలమనేరులో వాళ్లది చిన్న మిద్దె. ఇంటి ముందర మంచం పట్టేంత మట్టి నేల. అందులో కొత్తిమీర చల్లుకోవాలని, నాలుగు వంగ మొక్కలు పెట్టుకోవాలని ఆమెకు ఎప్పటి నుంచో ఆశ. మొగుడు సాగనిచ్చేవాడు కాదు. బెంగుళూరు బస్సు నడిపే రోజుల్లో దారిలో ఏదో నర్సరీలో కొన్న గడ్డలు తెచ్చి పాతాడు. అప్పటి నుంచి ఆ నేల డేలియాలదే అయిపోయింది.

ఆమెకు కోపం పూల మీద కాదు. మునిరామయ్య మాటల మనిషి కాడు. అన్నం పెట్టు, పోయొస్తా, తలుపేసుకో: ఇంట్లో ఆయన నోటి నుంచి వచ్చేవి అంతవరకే. ఆ మనిషే సాయంత్రమయ్యేసరికి మడి గట్టున కూర్చుని మొక్కలతో ఏదేదో గొణుక్కుంటుంటే, లోపల పొయ్యి దగ్గర ఆమెకు ఒళ్లు మండేది.

"మనుషులతో మాట్లాడేదానికి నోరు రాదు గానీ గడ్డలతో ఎన్ని కతలో సూడు" అని పక్కింటి ఖమర్ జహాన్‌తో అనేది.

"పోనీలే అక్కా, సారాయంగడికి పోయే మొగుడికన్నా మేలు గదా" అని ఆమె నవ్వేది.

ఎండాకాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ మునిరామయ్య కూలబడ్డాడు. చిత్తూరు ఆస్పత్రిలో ప్రాణం నిలిపారు. కానీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఏం చెప్పబోయినా "తా" అని ఒక్క శబ్దమే వచ్చేది. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడితే పొద్దుగూకేదాకా మడి వైపే చూస్తూ ఉండేవాడు.

వినాయక చవితి దాటాక ఎడమ చేత్తో అటక వైపు చూపించడం మొదలుపెట్టాడు. దుప్పటి ఇచ్చింది, కాదన్నాడు. పాత గొడుగు తీసింది, అదీ కాదన్నాడు. చివరికి ఇసుక నింపిన కుండ దించేసరికి ఆయన ముఖం విచ్చుకుంది. ఇసుకలో గడ్డలు ముడుతలు పడి, కాడ మొదట్లో ఎర్రగా మొలక కళ్లు తెరిచి ఉన్నాయి.

"ఇదా నీ సంబడం!" అని విసుక్కుంటూనే గుంటలు తవ్వి, పశువుల ఎరువు, వేపపిండి కలిపింది. మొదటి గడ్డ గుంటలో పెట్టగానే ఆయన కుర్చీ చేతిని టపటపా కొట్టాడు.

"ఏందయ్యా? తలకిందులుగా పెడితినా?"

"తా."

తిప్పి, మొలక పైకి వచ్చేట్టు పెట్టింది. ఆయన తలూపాడు. ప్రతి గడ్డ పక్కనా ఒక కట్టె పాతించాడు. నీళ్లు పొయ్యబోతే వద్దన్నాడు. మొలక మట్టి పైకి రాకముందే తడిస్తే గడ్డ కుళ్లుతుందని ఆమెకు తర్వాత తెలిసింది.

దీపావళి నాటి ఐప్పసి వానలకు మొక్కలు మోకాటి ఎత్తు లేచాయి. వాటితోపాటే పురుగూ దిగింది. ఆకుల అడుగున పచ్చపేను అంటుకుంది. గొంగళి పురుగులు చిగుళ్లు కొరికేశాయి. శకుంతలమ్మ మందుల అంగడికి పోయి సీసా తెచ్చింది. నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే పీడ తొందరగా వదులుతుందనుకుని చెప్పినదానికి రెండింతలు కలిపింది. వాన వెలిసి ఎండ చుర్రుమంటున్న మిట్టమధ్యాహ్నం కొట్టడానికి దిగింది.

మునిరామయ్య కుర్చీ చేతిని కొట్టాడు. ఒంటికి పోవాలేమోనని ఆమె డబ్బా తీసుకుని పరిగెత్తింది. డబ్బాను తోసేశాడు. మళ్లీ కొట్టాడు. అప్పటికే ఆయనను నెలల తరబడి ఎత్తీ దించీ, కడిగీ ఆమె విసిగిపోయి ఉంది.

"ఇంగేం కావల్ల నీకు? సెప్పి సావు!" అని అరిచింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆమె పోయి మందంతా కొట్టేసింది.

మరునాటికి ఆకులన్నీ నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. మునిరామయ్య మడి వైపు చూసి ఏడ్చాడు. చప్పుడు లేకుండా, నోరు ఒక పక్కకు వంకరపోయి, చొక్కా తడిసేలా ఏడ్చాడు. శకుంతలమ్మ ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది.

"సెప్పలేని మనిషిని పట్టుకుని సెప్పి సావంటినే" అంటూ తల కొట్టుకోబోయింది. ఆయన ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

ఆ రోజు నుంచి ఆయనను అడగందే ఆమె ఒక్క ఆకు ముట్టలేదు. ఆకు కోసుకొచ్చి చేతిలో పెట్టేది. "ఇది పురుగా, తెగులా? బూడిద సల్లల్లా, వేపనూనె కొట్టల్లా?" అని ఒక్కోటీ అడిగేది. అవునంటే తలూపేవాడు, కాదంటే కళ్లు మూసుకునేవాడు. సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి, ఎండ వాలాక ఆకుల అడుగు తడిసేలా కొట్టమని చేత్తోనే చూపించాడు. నత్తలు వస్తే తడి గోనెసంచి పరిపించాడు. తెల్లారి సంచి ఎత్తితే కింద నత్తలు గుంపుగా దొరికేవి. మాడిన కాడల మొదళ్ల నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి.

పురుగుల మాట అయ్యాక కూడా శకుంతలమ్మ లేచేది కాదు. కూతురు రూపశ్రీ నగరి నుంచి ఫోన్ చేసిన సంగతి, పాల ధర, ఖమర్ జహాన్ మనవరాలి అల్లరి, అన్నీ చెప్పేది. ఆయన వినేవాడు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో మొగుడు తన మాటను అంత ఆసక్తిగా విన్న గుర్తు ఆమెకు లేదు. ఇంతకుముందు తనే అలా చెప్పి ఉండలేదేమో కూడా.

ఒక సాయంత్రం, గుండెలో ఎప్పటి నుంచో గడ్డకట్టుకుపోయిన మాట ఒకటి అడిగేసింది. వాళ్లకు తొలిచూలు మగబిడ్డ. పాకే వయసులో జ్వరం వచ్చి పోయాడు. బిడ్డను పూడ్చిన మరునాడే మునిరామయ్య డ్యూటీకి వెళ్లిపోయాడు.

"పిల్లోడు పోయినప్పుడు తెల్లార్తానే బస్సెక్కితివే. నీకు బాద లేదా అయ్యా?"

ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి, స్టీరింగ్ తిప్పినట్టు తిప్పాడు. ఆ చేతి వెనకతోనే కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"బండి తోల్తా ఏడిస్తివా? దావ పొడుగునా?"

"తా" అన్నాడు మునిరామయ్య.

ఆమె ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఇద్దరూ అట్లాగే ఉండిపోయారు. ఖమర్ జహాన్ ఏదో గిన్నెలో తెచ్చి, గేటు దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోయింది.

ధనుర్మాసం వచ్చింది. మొక్కలు మొగ్గ తొడిగే వేళకు మునిరామయ్యకు రెండోసారి పక్షవాతం కొట్టింది. ఈసారి చిత్తూరు దాకా కూడా పోలేదు. అంబులెన్సులోనే, ఆమె చేతిలో చెయ్యి ఉండగానే పోయాడు.

ఇంటికి తెచ్చాక షామియానా వేసినవాళ్లు ఒక గుంజను మడిలోనే పాతారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు తొక్కేశారు. శకుంతలమ్మ చూస్తూనే ఉంది. దినాలు అయ్యాక రూపశ్రీ తల్లి బట్టలు సర్దబోయింది.

"మా, ఈడ ఒక్కదానివే ఏం జేస్తావు? నగరికి పోదాం రా."

"పోదాం గానీ, నాయన సెట్లు పూసి ఆరిపోనీ. గడ్డలు తీసిపెట్టి వస్తా."

తొక్కిళ్లకు పోగా మూడు మొక్కలు మిగిలాయి. వాటికి కట్టెలు సరిచేసి కట్టింది, వేపనూనె కొట్టింది. అవన్నీ ఇప్పుడు ఆమెకు వచ్చు. కానీ ఒక పొద్దున కొమ్మ కొసన నడిమి మొగ్గకు అటొకటి, ఇటొకటి చిన్న మొగ్గలు కనిపించాయి. వాటిలో కొన్నింటిని తుంచేస్తేనే మిగిలినవి పెద్ద పూలవుతాయని తెలుసు. ప్రతి ఏడూ ఆయన తుంచడం వంటింటి కిటికీలోంచి చూసింది. ఏది ఉంచేవాడో, ఏది తీసేవాడో మాత్రం ఎన్నడూ అడగలేదు. నేర్చుకునే వేళకు ఆయన లేడు.

ఒక మొగ్గను వేళ్ల మధ్య పట్టుకుంది. వదిలేసింది. ఇంకోటి పట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. దినాల్లో కూడా రాని ఏడుపు, మడి గట్టున కూర్చోబెట్టి ఏడిపించింది.

ఏ మొగ్గనూ తుంచలేదు. అన్నీ పూశాయి. ముదురు ఎరుపు పూలు, గుత్తులు గుత్తులుగా, ఒక్కోటి రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి.

ఖమర్ జహాన్ గోడ మీద నుంచి చూసి, "శానా పూసినాయక్కా" అంది.

"పూసినాయి" అంది శకుంతలమ్మ. "ఆయన పూయించినంత పెద్దవి కాలేదు."