ఒళకల్లు తీర్థంలో చెయ్యి

లోకమంతా అమావాస్య నాడు ప్రయాణం వద్దంటుంది. కాటన్‌పేటలోని మా అత్తవారిల్లు మాత్రం అమావాస్య ఎప్పుడొస్తుందా అని కాచుకొని ఉండేది. ఆ రోజు దూది మండీకి సెలవు. పని లేకుండా ఇంట్లో కూర్చుంటే మామగారూ మా ఆయనా ప్రతిదానికీ విసుక్కునేవాళ్లు. అందుకని పొద్దున్నే సద్ది మూట కట్టుకొని అందరం ఎటో ఒకవైపు బయలుదేరేవాళ్లం. ఒక నెల నంది కొండ, ఒక నెల లాల్‌బాగ్. దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాలి, అంతే నియమం. హిందూపురంలో మా అమ్మ ఈ సంగతి విని ముక్కున వేలేసుకుంది.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, యుద్ధం రోజుల్లో, శివగంగకు పోదామన్నారు. అందరూ సంబరపడ్డారు, నేను తప్ప.

ఆ కొండ మీద ఒక గుహలో ఒళకల్లు తీర్థం ఉంది. రాతిలో రోటి గుంతలాంటి సన్నని బిలం, లోపలెక్కడో నీళ్లు. చెయ్యి పెడితే పుణ్యం చేసుకున్నవాళ్లకు నీళ్లు తగులుతాయని, పాపులకు తగలవని నమ్మకం. కొత్త కోడలి చేత అందులో చెయ్యి పెట్టించడం ఆ ఇంటి ఆచారం. మా అత్తమ్మ కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు తగల్లేదు. ఆ సంగతి నాకెవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది. పాలు విరిగినా, దూది ధర పడిపోయినా, మామగారి తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, ఒకే మాట అనేది.

"నీళ్లు తగలని చెయ్యి ఈమెది. ఏం చేస్తాం?"

అవ్వ చెడ్డది కాదు. నాకు తలంటి జడ వేసేది, తన వాటా బెల్లం నా చేతిలో పెట్టేది. కానీ కూరలో ఉప్పు మరిచినా మరుస్తుంది గాని ఆ మాట మరవదు. ఉగాదికి కొత్త కుండలో మొదటి గుప్పెడు బియ్యం వేయాలన్నా, పెళ్లికూతురికి మొదట పసుపు రాయాలన్నా అత్తమ్మ చేతిని ముందుకు రానిచ్చేవాళ్లు కాదు. ఇంటి చాకిరీ అంతా చేసే చెయ్యి మాత్రం అదే! నాకు ఒళ్లు మండేది. భయమూ వేసేది. నా చేతులు మరీ పొట్టివి. పుట్టింట్లో అటక మీది ఊరగాయ జాడీకి పీట వేసుకున్నా అందేది కాదు.

పెట్రోలు దొరకని రోజులవి. బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. పీణ్య దగ్గర రాగి చేన్లు దాటేదాకా బాగానే పోయింది. తరువాత ఒక మిట్ట రాగానే మొరాయించింది. మగవాళ్లు దిగి తోశారు. అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "గట్టిగా తొయ్యండప్పా! రాగిముద్ద తిన్నోళ్లేనా మీరు?" అని అరిచింది. మా ఆయన ముఖమంతా మసి. నన్ను చూసి నవ్వాడు, పళ్లు మాత్రమే కనబడ్డాయి. నాకు ఆయన మీద ప్రేమ కలిగింది ఆ మిట్ట దగ్గరే.

శివగంగలో కర్ర పట్టుకొని అవ్వ మాకంటే ముందే ఎక్కింది. గుడిలో లింగానికి రాసిన నెయ్యి వెన్న అవుతుందంటారు. ఆ వెన్న కాస్త నా నాలుక మీద రాసి, "భయపడొద్దు అమ్మీ, నీకు తగుల్తాదిలే" అంది. నా భయం రెట్టింపయింది.

గుహలోకి వంగి పోవాలి. అవ్వకు నడుము వంగదు కనక వాకిట్లోనే కూర్చుంది. మగవాళ్లు ఆమె పక్కన నిలబడ్డారు. అత్తమ్మా నేనూ లోపలికి పోయాం. పూజారి దీపం చూపించి అవతలికి తప్పుకున్నాడు. నేను బోర్లా పడుకొని భుజం దాకా చెయ్యి దూర్చాను. గాజులు రాతికి గీసుకున్నాయి. వేళ్లకు పొడి రాయే తగిలింది. ఇంకా సాగాను. రాయే.

"తగిలిందా?" బయటినుంచి అవ్వ గొంతు.

నాకు ఏడుపొచ్చింది. "లేదత్తమ్మా" అన్నాను చిన్నగా.

"జరుగు అమ్మీ" అని అత్తమ్మ నా చోట పడుకుంది. ఆమె పొడగరి. చెంప రాతికి ఆనించి చెయ్యి లోపలికి పోనిచ్చింది. కాసేపటికి కదలడం మానేసింది. తరువాత చెయ్యి బయటికి తీసింది. వేళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ చేతిని ఆమె దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అత్తమ్మా! మీకు తగిలింది! అవ్వకు చెప్దాం పదండి!"

తడిచేత్తోనే నా నోరు మూసింది. ఆ తరువాత, పెళ్లికూతురికి పసుపు రాసినట్టు, ఆ నీళ్లన్నీ నా చేతికి రాసింది. వేళ్ల సందుల్లో కూడా వదల్లేదు. తన చెయ్యి మాత్రం కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది.

"నా చెయ్యీ తడిగుంటే నీకు నేనే రాసినానంటారు. నాకు ఆ మాట అలవాటైపోయిండాది. నీకెందుకమ్మీ?" అంది.

బయటికి రాగానే అవ్వ నా చెయ్యి పట్టుకొని కళ్లకద్దుకుంది. "చూడండప్పా, ఎంత చల్లగుండాదో!" అని మనవడికీ కొడుక్కీ చూపించింది. ఆపైన అత్తమ్మ వైపు తిరిగి, "నువ్వూ పెట్టినావా?" అని అడిగింది.

"పెట్టినా. తగల్లేదు" అంది అత్తమ్మ, సద్ది మూట విప్పుతూ. చిత్రాన్నం మొదట అవ్వకే పెట్టింది.

వచ్చిన ఉగాదికి కొత్త కుండలో మొదటి బియ్యం నన్ను వేయమన్నారు. నేను కుండ పక్కన కూర్చొని అత్తమ్మను పిలిచాను. ముందు ఆమె పిడికిలి నిండా బియ్యం తీసుకొని నా దోసిట్లో పొయ్యాలన్నాను. అత్తమ్మ చెయ్యి కొంగుతో తుడుచుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇదెక్కడి పద్ధతని అవ్వ అడిగింది. మా హిందూపురంలో ఇంతే అవ్వా, అత్తగారు పొయ్యందే కోడలు వెయ్యదు అని చెప్పాను.

హిందూపురంలో అలాంటి ఆచారమేమీ లేదు.