కొట్టేయించిన వాక్యం

కుంతళా బెహరా మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. బాలుగావ్ రేవులో మాత్రం ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. పీతల దిదీ, అంటే పీతలక్క, అనాలి. గుడ్లు మోసే ఆడ పీతలు చిలికా సరస్సు వదిలి సముద్రం వైపు ఎప్పుడు పోతాయో తేల్చడానికి ఆమె మూడేళ్లు జాలర్లతో పాటు పడవెక్కింది.

"మా కోడలి కాన్పుకి డాక్టరమ్మ దొరకలేదు గానీ, పీతల కాన్పులకి నువ్వు ఎప్పుడూ తయారే దిదీ!" అని జాలరి ఉచ్ఛబ ఎకసెక్కాలాడేవాడు.

"పీతలు నీలాగా వాగవు మౌసా, అందుకే వస్తా" అనేది.

నేను ఆ కాలేజీ లైబ్రేరియన్ని. సొంత అక్కను పిలిచినట్టు నన్ను 'అపా' అని పిలిచేది. వ్యాసం రాయడం అయ్యాక, దాన్ని జర్నల్ అడిగిన రూపంలోకి తేవడానికి నన్ను సాయం పట్టమంది. అది పీతల వెంట తిరగడం కన్నా విసుగు పని. పీత శాస్త్రీయ నామం వచ్చిన ప్రతిచోటా వాలు అక్షరాలు పెట్టాలి. పట్టికలన్నీ చివరికి పోవాలి. ఆధారాల జాబితాలో ఒకచోట కామా పెడితే ఇంకోచోట చుక్క పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వ్యాసంలో ఎక్కడా ఆమె పేరు కనబడకూడదు. రాసిందెవరో సమీక్షకుడికి తెలియకూడదు, సమీక్షించిందెవరో రాసినవాళ్లకి తెలియకూడదు. అది పద్ధతి.

పని సగం లైబ్రరీలో జరిగింది, సగం బనమాలి పాణిగ్రాహి సార్ ఇంట్లో. కుంతళకు డాక్టరేటు చేయించింది ఆయనే. తండ్రి లేని పిల్ల అని పెళ్లిలో కన్యాదానం చేసింది కూడా ఆయనే. చిలికా పీతల గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆయన పేరు చెప్పేవారు. వానలు వెనకబట్టాకే ఆడ పీతలు కదులుతాయని ఆయన ఏనాడో రాసిందే పిల్లలు ఇప్పటికీ చదువుకుంటున్నారు. కుంతళ లెక్కల్లో మాత్రం అవి వానలు రాకముందే పోతున్నాయి. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అని ఆమె చాలా మథనపడింది. విని ఆయన నవ్వేశారు.

"నేను చూసిన సరస్సు వేరు, నువ్వు చూస్తున్న సరస్సు వేరు. బెంగపడకమ్మా, రాయి."

ఆ మాటకి ఆమె కళ్లు తుడుచుకుంది.

పదాల పరిమితి దగ్గర చిక్కు వచ్చింది. ఎంత కుదించినా ఇంకా మిగిలిపోతున్నాయి. సార్ కాగితాలు తిరగేస్తూ ఒక వాక్యం మీద పెన్సిలు ఆపారు. రెండో ఏడు వానల మొదట్లో అనారోగ్యం వల్ల కొన్ని వారాలు పరిశీలన జరగలేదు అన్న వాక్యం అది. అప్పుడు కుంతళ టైఫాయిడ్‌తో మంచం పట్టింది.

"నీ జ్వరం సంగతి లోకానికెందుకు? కొట్టేయ్."

"రేపు ఎవరైనా అడిగితే సార్?"

"ఎవరడుగుతారు? మూడేళ్ల లెక్కలో ఆ కాస్తా ఏ మూలకి? నా మాట విను."

ఆమె నావైపు చూసింది. నాకేం తెలుసు, తల ఊపాను. గురుమా, అంటే సార్ భార్య, ఛెనాపోడ మిఠాయి ముక్కలు కోసి తెచ్చింది. తింటూనే కుంతళ ఆ వాక్యం కొట్టేసింది.

వ్యాసం పంపాక నెలలు గడిచాయి. జవాబు వచ్చిన రోజు నా బల్ల దగ్గరే కూర్చుని చదివింది. మొదటి సమీక్షకుడు మెచ్చుకున్నాడు. రెండో ఆయన రాసింది ఇది: "రెండో సంవత్సరం వానల ఆరంభంలో కొన్ని వారాలు పరిశీలన జరగలేదు. ఆ సంగతిని రచయిత కప్పిపుచ్చారు. ఇది నిజాయితీకి సంబంధించిన విషయం. ప్రచురణకు తగదు." సంపాదకుడు ఆ మాటే తీసుకుని వ్యాసాన్ని తిప్పి పంపాడు.

కుంతళ తలెత్తి నన్ను చూసింది.

"అపా, ఆ వాక్యం ఉండేదని మన ముగ్గురికే తెలుసు."

"అలా చూస్తావేం? నేను సమీక్షలు రాసేదాన్నా? పుస్తకాలకి నంబర్లు వేసుకునేదాన్ని."

"తెలుసు. అందుకే భయమేస్తోంది."

మర్నాడు సాయంత్రం తనతో రమ్మంటే వెళ్లాను. సార్ వరండాలో ఉన్నారు. కుంతళ ఎప్పుడూ వెళ్లగానే కాళ్లకు దండం పెట్టేది, ఆ రోజు పెట్టలేదు.

"నా వ్యాసం తిప్పి పంపారు సార్."

"అయ్యో, అలాగా."

ఎందుకని ఆయన అడగలేదు. ఆమె కాగితం చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నా దగ్గరికే వచ్చింది. నీదని చూడగానే తెలిసింది. నేను సమీక్షించనని తిప్పి పంపేద్దామనే అనుకున్నా."

"మరి?"

"నేను రాసింది అబద్ధమా, చెప్పు."

"ఆ వాక్యం కొట్టేయమన్నదెవరు సార్?"

"సలహా నాది. వ్యాసం నీది."

గుమ్మంలో నిలబడి వింటున్న గురుమా ఉండబట్టలేకపోయింది. "ఏమండీ! ఈ పిల్ల జ్వరంతో పడుంటే గంజి మనింటి నుంచే కదండీ పంపాను! మీరే కదా పట్టుకెళ్లింది!"

ఆయన ఆమె వైపు చూడలేదు. కుంతళతోనే, "ఇన్నేళ్లు అందరూ నా మాట చెప్పుకున్నారు. నేను బతికుండగానే అది చెల్లదని వినాలా? ఇంకొన్నాళ్లు ఆగితే నీకేం పోయేది?" అన్నారు.

"మీరు తప్పని నేను రాయలేదు సార్. సరస్సు మారిందని రాశాను. ఆ మాట మీరే అన్నారు, ఇదే కుర్చీలో కూర్చుని."

కాగితం వెనక్కి తీసుకుని మెట్లు దిగింది, వెనకే నేనూ. ఇంటి మలుపు దగ్గర ఆగి, "నన్ను దొంగని చేశాడు అపా" అంది. ఆయన్ని 'చేశాడు' అనడం నేను వినడం అదే మొదలు.

నా పోరు పడలేక సంపాదకుడికి రాసింది. సమీక్షకుల పేర్లు మాట్లాడటానికి లేదని మర్యాదగా జవాబు వచ్చింది. దాంతో వేరే జర్నల్ వెతుక్కుంది, అంత పేరున్నది కాదు. అక్కడి పద్ధతులు వేరు. మళ్లీ కామాలు, చుక్కలు, పట్టికలు మొదటికొచ్చాయి. అన్నిటికన్నా ముందు ఆ వాక్యాన్ని తిరిగి పెట్టింది. రెండో ఏడు మొత్తం తీసేసి లెక్క కట్టినా ఫలితం మారదని కింద చూపించింది. మరుసటి ఏడు అది అచ్చయింది.

కృతజ్ఞతల్లో ఉచ్ఛబ పేరుంది, నా పేరుంది, సార్ పేరు లేదు. ఆధారాల జాబితాలో మాత్రం ఆయన పాత వ్యాసం ఉంది. ఇదేమిటన్నాను.

"ఉండాలిగా అపా. అది నిజమైన పని."

వానల మొదట్లో వచ్చే రజ పండక్కి గురుమా పోడపిఠా రొట్టె పంపింది. కుంతళ కళ్లకద్దుకుని తిన్నది, వాళ్లింటికి మాత్రం వెళ్లలేదు.

ఇప్పుడు రొయ్యల మీద ఇంకో వ్యాసం రాస్తోంది. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుంటుంది. మొన్న టీ పట్టుకెళ్లి, "ఆధారాల జాబితా నేను సరిచేస్తా, ఇలా ఇయ్యి" అన్నాను. కంప్యూటర్ తెర మెల్లగా అటు తిప్పుకుంది.

"నేనే చేసుకుంటా అపా. నీ మీద అనుమానం కాదు. ఇంకొకళ్లకి చూపించాలంటే చెయ్యి రావట్లేదు."

టీ అక్కడ పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.