పండుగప్పలో సగం

శ్రీకాకుళం అవతల ఒక బెస్తపల్లె దగ్గర సముద్రం ఒడ్డున, రాళ్ళ మీద నిలబడి గేలం వేశాను. పెద్ద పండుగప్పే పడింది. కానీ ఒడ్డుకి లాగుతుంటే దారం నీళ్ళలోని రాళ్ళ మధ్య చిక్కుకుంది. గట్టిగా లాగితే తెగిపోయేలా ఉంది.

అటుగా వెళ్తున్న చేపలమ్మే ముసలమ్మ తట్ట దించింది. "లాగకు బాబూ, అలాగే పట్టుకో!" అంటూ నడుములోతు నీళ్ళలోకి దిగి, మొప్పల్లో వేళ్ళు దూర్చి చేపని ఎత్తుకొచ్చింది.

"మొత్తం నువ్వే అమ్ముకో అమ్మా," అన్నాను.

ఆమెకి కోపం వచ్చింది. "ఏటి, ఊరికే ఇస్తన్నావా? గేలం నువ్వేసినావు, నాను పట్టినాను. సెరిసగం."

తట్టలోని కత్తితో చేపని రెండుగా కోసి, ఒక సగం నా చేతిలో పెట్టింది.

"నా సగం అమ్మను. ఇన్నాళ్ళూ మా మగోళ్ళు పట్టిందే అమ్మినాను. ఇది నాను పట్టింది. ఇంటిల్లిపాదీ తింతాం!"

తడిచీరతోనే నవ్వుకుంటూ పల్లెలోకి నడిచింది.